చెల్సీ ఫ్లవర్ షో తోటలు: డెమో ఎంత, నిజం ఎంత?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. పూలు, తోటలు, కొంచెం బురద. యూకేలో ఉన్న మనవాళ్ళు కొంతమంది మే నెల వస్తే చాలు, చెల్సీ ఫ్లవర్ షో ఫోటోలు పంపించి "దీని మీద ఒక వీడియో చెయ్యి బ్రో" అంటుంటారు. సరే, చేద్దాం. కానీ "వావ్, ఎంత బాగుందో" టైపు వీడియో కాదు. గత మూడు నాలుగేళ్ళుగా అక్కడ తోటల డిజైన్ ఎటు పోతోంది, అందులో ఏది పనికొచ్చే ఆలోచన, ఏది కెమెరా కోసం పెట్టింది, అది మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లండన్‌లో రాయల్ హాస్పిటల్ చెల్సీ అని ఒక ఆవరణ ఉంది. రిటైరైన సైనికులు ఉండే చోటు అది. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే సంస్థ 1913 నుంచి ఈ షోని అక్కడ పెడుతోంది. సొసైటీ అయితే ఇంకా పాతది, 1804లో మొదలైంది. షో ఉండేది ఐదు రోజులే, మంగళవారం నుంచి శనివారం దాకా. ఖాళీ గడ్డి నేల మీద సుమారు మూడు వారాల్లో చెట్లు, రాళ్ళు, నీటి కుంటలు, చిన్న ఇళ్ళతో సహా తోటలు కట్టేస్తారు. షో అయిపోగానే మొత్తం పీకేస్తారు. మళ్ళీ గడ్డి నేల.

ఇప్పుడు నా మాట. మనం ఐటీలో డెమో అంటాం చూడండి, క్లయింట్ ముందు స్క్రీన్ మీద చూపించేది. అందులో డేటా మనమే పెడతాం, ఏ బటన్ నొక్కాలో ముందే ప్రాక్టీస్ చేస్తాం. ప్రొడక్షన్ అంటే వేరు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి చూడాల్సింది అక్కడ. షో గార్డెన్ అంటే డెమో. ఇందులో తప్పేం లేదు, డెమో లేకుండా ఏ ఆలోచనా అమ్ముడుపోదు. కానీ దాన్ని ప్రొడక్షన్ అనుకుని మన ఇంటి వెనకాల కాపీ కొడితేనే దెబ్బ తింటాం.

ఎలాగంటే, ఆ తోటల్లో మొక్కలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉంటాయి, గమనించారా? మట్టి కనపడదు. చాలా మొక్కలు కుండీలతో సహా దించేసి పైన ఎరువో, చెక్క పొట్టో కప్పేస్తారు. నర్సరీల్లో కొన్నిటిని వెచ్చగా పెట్టి తొందరపెడతారు, కొన్నిటిని చల్లగా పెట్టి ఆపుతారు, అన్నీ ఆ ఒక్క వారమే పూయాలి కాబట్టి. మామూలు తోటలో ఆ దగ్గరతనంతో నాటితే రెండేళ్ళలో బలమైనవి బలహీనమైన వాటిని మింగేస్తాయి. మల్టీ స్టెమ్ చెట్లు, అంటే మొదలు నుంచే నాలుగైదు కాండాలుగా లేచే చెట్లు, ప్రతి ఏడాదీ ఎందుకు కనపడతాయి? సన్నటి కాండాల మధ్య నుంచి వెనక డిజైన్ కనపడుతుంది, చెట్టు వయసు ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ప్రతి తోటలో అదే అంటే నాకు కొంచెం టెంప్లేట్ వెబ్‌సైట్లు గుర్తొస్తాయి.

ఓకే, ట్రెండ్స్‌లోకి వెళ్దాం. అన్నిటికంటే పెద్ద గొడవ రేపింది "అడవిలా వదిలేయడం". 2022లో బెస్ట్ షో గార్డెన్ ఏదో తెలుసా? లూలూ అర్క్‌హార్ట్, ఆడమ్ హంట్ అనే ఇద్దరు చేసిన రీవైల్డింగ్ బ్రిటన్ తోట. వాళ్ళకి చెల్సీలో అదే మొదటిసారి. తోటలో ఏముంది? ఒక వాగు, దానికి అడ్డంగా బీవర్ కట్టిన ఆనకట్టలాంటిది, చుట్టూ అక్కడి నేటివ్ పొదలు. బీవర్ అంటే చెట్లు కొరికి నీళ్ళకి అడ్డుకట్ట వేసే జంతువు. బ్రిటన్‌లో వేటాడి వేటాడి సుమారు 400 ఏళ్ళ కిందట లేకుండా చేసేశారు, ఇప్పుడు మళ్ళీ తెచ్చి వదులుతున్నారు. అది కట్టిన ఆనకట్ట వెనక చిత్తడి నేల తయారవుతుంది, కప్పలు, తూనీగలు, పక్షులు వస్తాయి, వరద వేగం తగ్గుతుంది. తోటలో నిజం బీవర్ లేదులెండి, అది చేసే పని మాత్రమే చూపించారు.

వెంటనే గొడవ. "ఇది తోటా? మనిషి చెయ్యి పెట్టకపోతే దాన్ని తోట అని ఎలా అంటారు?" అని. నా అభిప్రాయం ఏంటంటే, అది తోట కాదు, ఒక వాదన. తోట రూపంలో చేసిన వాదన. దానికి మెడల్ ఎలా వచ్చిందో అర్థం కావాలంటే జడ్జింగ్ తెలియాలి. డిజైనర్ ముందే ఒక బ్రీఫ్ రాసి ఇస్తాడు, నా తోట ఎవరి కోసం, ఏం చెప్పాలి, ఏం ఉండాలి అని. జడ్జీలు ప్రధానంగా ఆ రాసిందానికీ కట్టిందానికీ పొంతన చూస్తారు. మన భాషలో రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ పెట్టుకుని టెస్టింగ్ చేసినట్టు. "నాకు నచ్చిందా లేదా" అన్నది రెండో మాట. బ్రీఫ్‌లో బీవర్ లోయ అని రాసి, బీవర్ లోయే దింపితే గోల్డ్ రావడంలో వింతేం ఉంది?

మరుసటి ఏడాది, 2023లో, ఇంకో అడుగు ముందుకెళ్ళారు. కలుపు మొక్కలు. క్లీవ్ వెస్ట్ అనే డిజైనర్ సెంటర్‌పాయింట్ అనే సంస్థ కోసం చేసిన తోటలో ఒక కూలిపోయిన ఇల్లు ఉంటుంది. గోడలు సగం, ఇటుకల కుప్ప, మధ్యలో మనం పీకి పారేసే మొక్కలు. సెంటర్‌పాయింట్ ఇల్లు లేని యువతీ యువకుల కోసం పనిచేసే సంస్థ. ఇల్లు కూలడం, ఎవరికీ అక్కర్లేని మొక్క ఆ కూలిన చోటే వేళ్ళూనుకోవడం. ఎవరూ వివరించక్కర్లేదు, చూస్తే తెలిసిపోతుంది. దానికి గోల్డ్ వచ్చింది. నాకు బీవర్ తోట కంటే ఇదే ఎక్కువ నచ్చింది, అందులో మనుషులున్నారు కాబట్టి.

కానీ ఇక్కడ మనవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇన్‌స్టాలో "కలుపు మొక్కలు కూడా హీరోలే, పీకకండి" అని రీల్స్ చూసి మన పెరట్లో అదే చేద్దాం అనుకోకండి. అక్కడ వాళ్ళు మాట్లాడేది ఎక్కువగా ఆ నేలలో పుట్టి పెరిగిన మొక్కల గురించి. మన దగ్గర ఖాళీ స్థలం వదిలేస్తే ముందు దిగేది ఎవరు? వయ్యారిభామ. పక్కనే సర్కారు తుమ్మ. రెండూ బయటి నుంచి వచ్చినవే. వయ్యారిభామ పుప్పొడితో తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు. దాన్ని హీరో అంటే మా అమ్మమ్మ చీపురు తీస్తుంది. (నవ్వు)

సరే, తర్వాతది నాకు బాగా ఇష్టమైన ట్రెండ్. నీళ్ళు తక్కువ తాగే తోటలు. 2022 జూలైలో ఇంగ్లండ్‌లో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. మనకి ఏప్రిల్ మామూలు రోజు అది, కానీ పచ్చగడ్డి లాన్ అంటే ప్రాణం పెట్టే దేశానికి పెద్ద షాక్. 2025లో నైజెల్ డనెట్ హాస్పిటల్‌ఫీల్డ్ ఆర్ట్స్ కోసం చేసిన తోట పూర్తిగా ఇసుక దిబ్బల మీద. గోల్డ్ కొట్టింది. ఇసుకలో మొక్కలేంటి అంటారా? పైన మందంగా ఇసుక వేస్తే ఆ పొర త్వరగా ఎండిపోతుంది. గాలికి వచ్చి పడ్డ కలుపు విత్తనాలకి మొలకెత్తడానికి తడి దొరకదు. మనం నాటిన మొక్క మాత్రం తడి కోసం వేళ్ళు కిందికి దించుకుంటుంది. మొదట్లో నీళ్ళు పోసి చూసుకోవాలి, వేళ్ళు దిగాక అది తన బతుకు తను బతుకుతుంది.

"ఇది కూడా డెమోనే కదా" అనొచ్చు మీరు. ఇక్కడే దీనికి ప్రొడక్షన్ రుజువు ఉంది. బెత్ చాటో అని ఒకావిడ. 1970లు, 80ల్లో చెల్సీలో వరసగా పది గోల్డ్ మెడల్స్ తీసుకున్నారు. ఆవిడ 1990ల మొదట్లో ఎసెక్స్‌లో తన నర్సరీ కార్ పార్కింగ్ స్థలాన్ని గులకరాళ్ళ తోటగా మార్చారు. బ్రిటన్‌లో వాన బాగా తక్కువ పడే ప్రాంతాల్లో అదొకటి. నేల తయారీలో కష్టపడ్డారు, ఎండకి ఓర్చుకునే మొక్కలే ఎంచుకున్నారు, నాటాక మాత్రం నీళ్ళు కట్టకూడదని రూల్ పెట్టుకున్నారు. ఆవిడ 2018లో పోయారు, తోట ఉంది. మూడు దశాబ్దాలు దాటింది. ఇంతకంటే అప్‌టైమ్ ఏం కావాలి?

దీనికి రెండో వైపు వరద. 2024లో ఫ్లడ్ రెసిలియంట్ గార్డెన్ అని ఒకటి, వాటర్‌ఎయిడ్ తోట అని ఇంకొకటి వచ్చాయి. వాననీటిని వెంటనే కాలువలోకి తోసేయకుండా పట్టి ఉంచడం, నెమ్మదిగా ఇంకనివ్వడం. ఇంకుడు గుంత గురించి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి ముందుకెళ్దాం.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న పాయింట్. ఏఐ తోట. 2025లో అవనాడ్ కంపెనీ డబ్బు పెట్టింది, అదేలెండి, యాక్సెంచర్, మైక్రోసాఫ్ట్ కలిసి పెట్టిన కంపెనీ. టామ్ మాసీ, జే ఆన్ డిజైన్ చేశారు. చెట్లకి, మట్టికి సెన్సార్లు పెట్టి, ఆ డేటా మీద ఏఐ నడిపి, చెట్టుతో మాట్లాడినట్టు ప్రశ్నలడిగే ఏర్పాటు చేశారు. గోల్డ్ వచ్చింది. వాళ్ళు ముందుపెట్టిన సమస్య మాత్రం చాలా నిజమైనది. నగరాల్లో నాటిన చెట్లలో 30 శాతం దాకా మొదటి ఏడాదే చచ్చిపోతాయి, పదేళ్ళలో సగం దాకా పోతాయి అని. మొక్కలు నాటే కార్యక్రమాల్లో ఫోటో దిగాక ఏం జరుగుతుందో మనకీ తెలుసు. ఇల్లు అలకగానే పండగ కాదు.

సెన్సార్ల వెనక సైన్స్ గట్టిదే. చెట్టు కాండం చుట్టుకొలత రోజంతా ఒకేలా ఉండదు. పగలు ఆకులు నీళ్ళు లాగుతుంటే కాండం వెంట్రుకవాసి సన్నబడుతుంది, రాత్రి వేళ్ళు నీళ్ళు నింపగానే మళ్ళీ లావవుతుంది. రాత్రి కూడా తిరిగి లావవ్వట్లేదంటే చెట్టు దాహంతో ఉందన్నమాట. రసం ఎంత వేగంగా పైకి వెళ్తోందో కూడా కొలవొచ్చు. కాండంలో చిన్న సూదితో కొంచెం వేడి ఇచ్చి, ఆ వేడి పైనున్న ఇంకో సూదికి ఎంతసేపట్లో చేరిందో చూస్తారు. ఆకులు వాడి మన కంటికి కనపడేలోపు ఈ నంబర్లు చెప్పేస్తాయి. ఇది నాకు చాలా నచ్చింది.

చెట్టుతో చాటింగ్ మాత్రం నాకు ఎక్కలేదు. సారీ. మట్టిలో తడి ఒక గీత కంటే కిందికి పోతే మెసేజ్ పంపడానికి ఒక ఇఫ్ కండిషన్ చాలు. దానికి పెద్ద లాంగ్వేజ్ మోడల్ దేనికి? అసలు ప్రశ్న వేరే ఉంది. అలర్ట్ వచ్చింది, ఓకే. బకెట్ ఎవరు పట్టుకొస్తారు? ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్ళందరికీ తెలుసు, రోజుకి 200 అలర్ట్స్ వస్తే చివరికి ఒక్కటీ చూడం. నీళ్ళ ట్యాంకర్‌కి, తోటమాలి జీతానికి డబ్బు లేని చోట సెన్సార్ పెడితే, చెట్టు ఏ రోజు ఏ టైంకి చచ్చిపోయిందో కచ్చితంగా తెలుస్తుంది, అంతే. మనుషులున్న చోట పెడితే, పది వేల చెట్లలో ఈ రోజు ఏ యాభైకి ముందు వెళ్ళాలో చెప్తుంది. అప్పుడు దానికి విలువ ఉంది. షో తర్వాత ఆ తోటని మాంచెస్టర్‌లోని మేఫీల్డ్‌కి పంపే ఏర్పాటు చేశారు కాబట్టి, అసలు పరీక్ష అక్కడ.

ఈ "షో తర్వాత ఎక్కడికి" అన్న ప్రశ్నే నా దృష్టిలో చెల్సీలో వచ్చిన అసలు మార్పు. ప్రాజెక్ట్ గివింగ్ బ్యాక్ అనే నిధి 2022లో సేవా సంస్థల తోటలకి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. షరతు ఏంటంటే, షో అయ్యాక ఆ తోట వేరే చోట బతకాలి. ఈ ఒక్క షరతు డిజైన్‌ని ఎలా మారుస్తుందో చూడండి. కుండీలో దాచిన మొక్క పనికిరాదు. విప్పి లారీలో ఎక్కించి మళ్ళీ బిగించగలగాలి. చివరికి వాడేది ఎవరో ముందే తెలియాలి.

2023లో బెస్ట్ షో గార్డెన్ హొరేషియోస్ గార్డెన్. చార్లట్ హారిస్, హ్యూగో బగ్ డిజైన్ చేశారు. ఈ పేరు వెనక ఒక కథ ఉంది. హొరేషియో చాపుల్ 17 ఏళ్ళ కుర్రాడు. వాళ్ళ నాన్న వెన్నెముక సర్జన్. ఆ ఆసుపత్రిలో వాలంటీర్‌గా పనిచేస్తూ, నెలల తరబడి మంచం మీద ఉండే పేషెంట్లకి ఒక తోట ఉండాలి అన్నాడు. 2011లో స్వాల్‌బార్డ్ యాత్రలో ధ్రువపు ఎలుగుబంటి దాడిలో చనిపోయాడు. మరుసటి ఏడాది సాల్స్‌బరీలో అతని పేరు మీద మొదటి తోట తెరిచారు. దాన్ని డిజైన్ చేసింది ఇందాక చెప్పిన క్లీవ్ వెస్టే.

2023 తోటలో యూజర్ ఎవరంటే, చక్రాల కుర్చీలోనో, చక్రాల మంచం మీదో వచ్చే మనిషి. మంచం పట్టేంత వెడల్పు దారి. నేల మీద ఎక్కడా కుదుపు ఉండకూడదు, ఎందుకంటే వెన్నెముక దెబ్బతిన్న మనిషికి చిన్న కుదుపు కూడా నొప్పే. ఇంకా, పడుకున్న మనిషికి ఏం కనపడుతుంది? పూల మడి కాదు, ఆకాశం, ఆకుల కింది వైపు. కాబట్టి చెట్టు కొమ్మలు ఎలా ఉండాలన్నది అక్కడి నుంచి ఆలోచించాలి. నాకు తెలిసి యూజర్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. ఆ తోట ఇప్పుడు షెఫీల్డ్‌లో వెన్నెముక గాయాల ఆసుపత్రి దగ్గర ఉంది.

ఇంత ట్రెండ్ గురించి మాట్లాడాక ఒక తమాషా చెప్పాలి. 2025లో ఏఐ తోట, ఇసుక తోట, కుక్కల కోసం మాంటీ డాన్ చేసిన తోట, ఇన్ని ఉండగా బెస్ట్ షో గార్డెన్ ఎవరికి వచ్చింది? కజుయుకి ఇషిహారా చేసిన జపనీస్ టీ గార్డెన్‌కి. నాచు, నీళ్ళు, మేపుల్ ఆకులు, చిన్న టీ ఇల్లు. కొత్త ట్రెండ్ ఏదీ లేదు. పనితనం ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను ఎక్కువసార్లు పాజ్ చేసి చూసింది ఆ వీడియోనే.

సరే అండి, యూకేలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఈసారి వెళ్తే, లేదా షెఫీల్డ్, మాంచెస్టర్ వైపు ఉంటే, షో నుంచి తరలించిన తోటలు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఒక ఫోటో తీసి పంపండి. రెండేళ్ళ తర్వాతి ఫోటోలే కావాలి నాకు. బాగుంటే వాటితోనే ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను, బై.