వార్తల్లో పదం: తక్ఫీర్
సాటి ముస్లింను అవిశ్వాసిగా ప్రకటించడమే తక్ఫీర్. అల్‌ఖైదా, ఐసిస్ ముఠాలు తమను కాదన్న ముస్లింలను చంపడానికి ఈ మాటనే సాకుగా వాడుకున్నాయి.

దీనికి జవాబు మతం లోపలి నుంచే వచ్చింది. 2004 నవంబరులో జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా 'అమ్మాన్ సందేశం' వెలువరించారు. 2005 జులైలో 50 దేశాలకు చెందిన సుమారు 200 మంది పండితులు అమ్మాన్‌లో కూర్చుని చర్చించారు. సున్నీ, షియా, ఇబాదీలవి కలిపి 8 న్యాయ సంప్రదాయాలను గుర్తించి, వాటిని పాటించేవారిపై తక్ఫీర్ చెల్లదన్నారు. అర్హత లేనివారు ఫత్వా ఇవ్వరాదనీ తేల్చారు. ఉగ్రవాది వాదాన్ని బయటివారి ఉపన్యాసాల కంటే ఇలాంటి మాటే గట్టిగా ఎదుర్కొంటుంది.

అదే ఏడాది, అంటే 2005 నవంబరు 9న అమ్మాన్ హోటళ్లలో ఆత్మాహుతి బాంబులు పేలాయి. మర్నాడే వేలమంది జోర్డానీయులు ఆ హంతకులను ఖండిస్తూ వీధుల్లోకి వచ్చారు.