బిడ్డ గురుకుల పరీక్ష రాస్తున్నది

మేడిపల్లి జగిత్యాల నుంచి కోరుట్ల పోయే తొవ్వలో ఉంటుంది. ఇది ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి జగిత్యాల జిల్లా. ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చేస్తారు, పసుపు తవ్వుతారు, నాట్లు వేస్తారు. చాలా ఇళ్లల్లో మగవాళ్లు దుబాయి, మస్కట్ పోయి ఉంటారు. ఇల్లు, పిల్లల చదువు అంతా తల్లి మీదే ఉంటుంది.

బిడ్డ నాలుగో తరగతికి వచ్చేసరికి ఈ తల్లుల నోట ఒక మాట వినపడుతుంది. "మా పిల్లతోని గురుకుల పరీక్ష రాయిస్తం." దాని వెనకనే ఇంకో మాట వస్తుంది. "మాకు చదువు రాదు. పిల్లకు ఎట్ల చెప్తం?"

ఈ పాఠం ఆ రెండో మాటకు జవాబు.

గురుకుల బడి అంటే ఏమిటి?

పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే చదువుకునే సర్కారు బడి గురుకులం. తిండికి, బట్టలకు, పుస్తకాలకు డబ్బు కట్టనక్కర లేదు. ఐదో తరగతిలో చేరిన పిల్ల అక్కడే పదో తరగతి దాకా చదువుకోవచ్చు. చాలా గురుకులాల్లో ఇంటర్ కూడా ఉంది. చదువు ఇంగ్లిషు మీడియంలో సాగుతుంది. ఆడపిల్లలకు వేరే గురుకులాలు ఉన్నాయి.

మన రాష్ట్రంలో మొదటి గురుకులం 1971లో సర్వేల్ అనే ఊళ్లో మొదలైంది. అది అప్పటి నల్లగొండ జిల్లా. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. ఆయన పెరిగిన వంగర ఊరు అప్పటి కరీంనగర్ జిల్లాలోనిదే. తర్వాత ఎస్సీ, ఎస్టీ పిల్లల కోసం గురుకులాలు వచ్చాయి. బీసీ పిల్లల కోసం 2017లో ఒకేసారి 119 గురుకులాలు తెరిచారు. వాటికి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు పెట్టారు. ఫూలే, ఆయన భార్య సావిత్రిబాయి 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టినవాళ్లు.

మాలావత్ పూర్ణ పేరు చాలామంది విన్నారు. ఆమెది నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె తాడ్వాయి గురుకులంలో చదువుకున్నది. 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో, ఎవరెస్టు కొండ ఎక్కింది. గురుకులంలో చేరిన పిల్లలందరూ కొండలు ఎక్కరు. కానీ కూలి చేసుకునే ఇంటి పిల్ల కూడా ఎంత దూరం పోగలదో ఆమె చూపించింది.

పరీక్ష ఎందుకు?

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకే పరీక్ష పెడతారు. మార్కులు, రిజర్వేషను, తల్లిదండ్రులు కోరుకున్న బడి చూసి సీటు ఇస్తారు.

ఇట్లాంటి పరీక్ష మన దగ్గరే కాదు, ఇంగ్లండులో కూడా ఉంది. అక్కడ 1944 చట్టం తర్వాత 11 ఏళ్ల పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను గ్రామర్ స్కూళ్లలో చేర్చుకునేవారు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పద్ధతి పోయింది. కొన్ని చోట్ల ఇంకా ఉంది. బర్మింగ్‌హామ్ అనే పట్నంలో ఆ బడుల్లో మగపిల్లలకు 540 సీట్లు, ఆడపిల్లలకు 360 సీట్లు ఉండేవి. మగపిల్లకాని కన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంటేనే ఆడపిల్లకు సీటు. విషయం కోర్టుకు పోయింది. ఇది ఆడపిల్లల పట్ల వివక్ష అని 1989లో అక్కడి పెద్ద కోర్టు చెప్పింది.

పరీక్ష ఎట్ల ఉంటుంది?

ఐదో తరగతిలో చేరడానికి నాలుగో తరగతి చదివే పిల్లలు రాస్తారు. సమయం రెండు గంటలు. మార్కులు 100.

తెలుగుకు 20 మార్కులు.
ఇంగ్లిషుకు 25 మార్కులు.
లెక్కలకు 25 మార్కులు.
పరిసరాల విజ్ఞానానికి 20 మార్కులు.
తెలివికి సంబంధించిన ప్రశ్నలకు 10 మార్కులు.

పేరాలు పేరాలు రాయనక్కర లేదు. ప్రతి ప్రశ్నకు కింద నాలుగు జవాబులు ఇస్తారు. అందులో ఒకటే సరైనది. దాని అంకెను చూసి, వేరే కాగితం మీద ఉన్న గుండ్రటి సున్నాను పెన్నుతో నింపాలి. ప్రశ్నలు నాలుగో తరగతి పుస్తకాల స్థాయిలోనే ఉంటాయి.

కాగితాలు ముందే చూసుకోవాలి

పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 11న, 2025లో ఫిబ్రవరి 23న జరిగింది. దరఖాస్తు అంతకు ముందే పెట్టాలి. అందుకని దసరా నుంచే కాగితాలు సర్దుకోవడం మంచిది.

కావలసినవి ఇవి: బిడ్డ పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్ కార్డు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఫోటో. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో దరఖాస్తు పెట్టాలి. పల్లెలో ఉండేవాళ్ల ఆదాయం ఏడాదికి లక్షా యాభై వేల రూపాయలు దాటవద్దు. పట్నంలో అయితే రెండు లక్షలు. బిడ్డ వయసు 9 నుంచి 11 ఏళ్ల మధ్య ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రెండేళ్లు సడలింపు ఉంది. ఈ లెక్కలు మారవచ్చు. అందుకే ఆ ఏడు పేపర్లో వచ్చిన ప్రకటన చదవాలి, లేదా బడి పంతులమ్మను అడగాలి.

ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకే తీరుగా ఉండాలి. ఆధార్‌లో ఒక తీరు, బడిలో ఒక తీరు ఉంటే చేరేటప్పుడు ఇబ్బంది వస్తుంది. అక్షరాలు నేర్చుకున్న తల్లి ఈ పని చేయగలదు. కాగితాలు పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివితే తేడా దొరుకుతుంది. దరఖాస్తు నింపేటప్పుడు కూడా పక్కనే కూచుని చదవాలి. దరఖాస్తులో రాసే ఫోన్ నంబరు ఇంట్లో ఉండే ఫోనుదై ఉండాలి. దుబాయిలో ఉన్న తండ్రి నంబరు రాస్తే, ఇక్కడి కబురు అక్కడికి పోతుంది.

"డబ్బులియ్యి, సీటు ఇప్పిస్త" అని తిరిగేవాళ్లు ఉంటారు. నమ్మవద్దు. గురుకుల సీటు అమ్మేది కాదు.

చదువు రాని తల్లి లెక్కలు చెప్పగలదా?

చెప్పగలదు. బీడీలు చేసే తల్లికి లెక్కలు రావని అనడమే తప్పు. వెయ్యి బీడీల లెక్క ఆమె చేతిలోనే ఉంది.

తల్లి: "కట్టకు 25 బీడీలు. వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలైతయి బిడ్డా?"
బిడ్డ: "నలభై అమ్మా."
తల్లి: "ఎట్ల?"
బిడ్డ: "నాలుగు కట్టలైతే నూరు. వెయ్యిల నూర్లు పది. పది నాలుగుల నలభై."

ఆ "ఎట్ల?" అన్న మాటే అసలు చదువు. జవాబు ఒక్కటే చెప్తే పిల్ల బట్టీ పట్టిందో, అర్థమై చెప్పిందో తెలియదు. ఎట్ల వచ్చిందో చెప్తే తెలుస్తుంది.

ఇంకో లెక్క. "పొద్దటి నుంచి 620 బీడీలు అయినయి. వెయ్యి కావాలంటే ఇంకెన్ని చెయ్యాలి?" 380. "ఆ 380ల ఎన్ని కట్టలు?" 15 కట్టలు, 5 బీడీలు మిగులు. ఇందులో తీసివేత ఉంది, భాగహారం ఉంది, శేషం ఉంది. పరీక్షలో అడిగేవి ఇవే.

అంగట్లో పావు కిలో, అర కిలో కొనేటప్పుడు భిన్నాలు చెప్పవచ్చు. గడియారం చూపించి, "బస్సు పదింబావుకు. ఇప్పుడు తొమ్మిదీ నలభై. ఇంకా ఎంతసేపుంది?" అని అడగవచ్చు. జవాబు 35 నిమిషాలు.

తెలివి ప్రశ్నలు పొడుపు కథల లాంటివే. గొర్రె, మేక, బర్రె, కోడి. ఇందులో జత కానిది ఏది? కోడి. దానికి రెండే కాళ్లు. 3, 6, 12, 24 తర్వాత ఏ అంకె వస్తుంది? 48. ప్రతిసారీ రెట్టింపు అవుతున్నది.

పరిసరాల విజ్ఞానం చేనులో ఉంది. పసుపు కొమ్ము వేరా, కాండమా? అది భూమిలో పెరిగే కాండం. ధర్మపురి దగ్గర పారే నది ఏది? గోదావరి. చేనులో చూసింది పుస్తకంలో కనపడితే పిల్ల మరిచిపోదు.

తెలుగు కోసం రోజూ ఒక పేజీ బిడ్డ పైకి చదవాలి, తల్లి వినాలి. మరునాడు తల్లి చదవాలి, బిడ్డ దిద్దాలి. ఇద్దరి చదువూ ముందుకు పోతుంది. ఇంగ్లిషు ఎక్కువ భయపెడుతుంది. దానికి బడి పంతులమ్మ సాయం కావాలి. ఇంట్లో మాత్రం ఒక పని చేయవచ్చు. రోజుకు ఐదు మాటలు బిడ్డ నేర్చుకుని, అర్థం తల్లికి చెప్పాలి. నాలుగు నెలల్లో ఆరు వందల మాటలు అవుతాయి.

సున్నాలు నింపడం నేర్పాలి

జవాబు తెలిసీ మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఉంటారు. కారణం సున్నాల కాగితం. 37వ ప్రశ్న రాక వదిలేస్తారు. 38వ జవాబును 37వ వరుసలో నింపుతారు. అక్కడి నుంచి అన్నీ తప్పే. అందుకే ప్రతిసారీ ప్రశ్న అంకె, వరుస అంకె ఒకటేనా అని చూడటం అలవాటు చేయాలి.

పాత నోటుబుక్కులో వరుసకు నాలుగు సున్నాలు గీసి, నీలం లేదా నలుపు బాల్ పెన్నుతో నింపించాలి. సున్నా పూర్తిగా నిండాలి, బయటికి పోవద్దు. ఒక వరుసలో ఒకటే నింపాలి. 100 ప్రశ్నలకు 120 నిమిషాలు. అంటే ప్రశ్నకు నిమిషం పైన కొద్దిగా. రాని ప్రశ్న దగ్గర ఆగిపోవద్దు. వచ్చినవి ముందు చేసి, మళ్లీ వెనక్కి రావాలి. వారానికి ఒకసారి గడియారం పెట్టి, రెండు గంటలు లేవకుండా కూచోబెట్టాలి.

పిల్లకు సమయం ఇవ్వాలి

చాలా ఇళ్లల్లో ఆడపిల్ల బడి నుంచి రాగానే తునికాకు కత్తిరిస్తుంది. చిన్న పిల్లను ఎత్తుకుంటుంది. అంట్లు తోముతుంది. ఆమె తమ్ముడు ఆడుకుంటాడు. రాత్రి పుస్తకం పట్టేసరికి పిల్లకు నిద్ర వస్తుంది. ఈ పిల్ల పరీక్షలో వెనకబడితే తప్పు ఎవరిది?

ఒక గంట ఆకు కత్తిరిస్తే ఇంటికి కొన్ని రూపాయలు మిగలవచ్చు. ఆ గంట చదువు పోతే మళ్లీ రాదు. తంబాకు దుమ్ము పిల్ల ఊపిరికి కూడా మంచిది కాదు. రోజుకు గంటన్నర పిల్లకు వదిలిపెట్టాలి. ఇంటి పనిలో తమ్ముడికీ భాగం ఇవ్వాలి. మహిళా సంఘంలో మాట్లాడుకుని, వాడలోని నలుగురు పిల్లలను ఒకే ఇంట్లో కూచోబెట్టినా మంచిదే. ఇంటర్ చదివిన అమ్మాయి ఎవరైనా వాళ్లకు గంటసేపు చెప్పవచ్చు.

"సీటు రాకపోతే బీడీలకు కూచోబెడ్త" అని బెదిరించవద్దు. భయంతో చదివిన పిల్లకు పరీక్షలో వచ్చింది కూడా గుర్తుకు రాదు.

పరీక్ష నాడు

సెంటరు ఏ ఊళ్లో పడిందో హాల్‌టికెట్ మీద ఉంటుంది. ఒక రోజు ముందే బస్సు వేళ తెలుసుకోవాలి. హాల్‌టికెట్, రెండు పెన్నులు రాత్రే సంచిలో పెట్టాలి. పొద్దున తేలికైన తిండి పెట్టాలి. గంట ముందే చేరుకోవాలి. బయటికి వచ్చాక "ఎన్ని తప్పు పోయినయి?" అని అడగవద్దు. "అలిసిపోయినవా బిడ్డా?" అని అడగాలి.

సీటు వస్తే

పదేళ్ల పిల్ల ఇల్లు విడిచి పోవడం చిన్న సంగతి కాదు. ముందు నెలల్లో ఏడుస్తుంది. తల్లికీ అన్నం దిగదు. అందుకే పరీక్షతో పాటు దీనికీ తయారు చేయాలి. తల దువ్వుకుని జడ వేసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం నేర్పాలి. రేపో మాపో పెద్దమనిషి అవుతుంది కాబట్టి నెలసరి గురించి సిగ్గు పడకుండా ముందే చెప్పాలి. జ్వరం వస్తే దాచవద్దని, వెంటనే టీచరుకు చెప్పాలని చెప్పాలి. ఎవరైనా చెడుగా తాకితే తల్లికి, టీచరుకు చెప్పాలి. పిల్లల సాయం కోసం 1098 నంబరు ఉంది. తల్లి ఫోన్ నంబరు నోటికి రావాలి.

సీటు రాకపోతే

చదువు ఆగిపోదు. ఐదో తరగతిలో నవోదయ పరీక్ష రాయవచ్చు. అందులో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. నవోదయలో నాలుగింట మూడు వంతుల సీట్లు పల్లె పిల్లలవి. మూడింట ఒక వంతు ఆడపిల్లలవి. చొప్పదండిలో నవోదయ ఎప్పటి నుంచో ఉంది. 2024 డిసెంబరులో జగిత్యాల జిల్లాకు కూడా ఒకటి మంజూరైంది. ఆరో తరగతికి మోడల్ స్కూలు పరీక్ష ఉంది. గురుకులాల్లో మిగిలిన సీట్లకు పై తరగతుల్లో కూడా పరీక్ష పెడతారు. కస్తూర్బా బడిలో ఆడపిల్లలు ఏ పరీక్షా లేకుండా ఆరో తరగతిలో చేరవచ్చు. ఇవేవీ కాకపోయినా ఊరి బడి ఉంది. పరీక్ష కోసం నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

పరీక్ష పోతే ఒక సీటు పోతుంది. బడి మానిపిస్తే పిల్ల బతుకే దారి మారుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వాడలో నాలుగో తరగతి చదివే ఆడపిల్లలు ఎంతమంది? అందులో పరీక్ష రాసేవాళ్లు ఎంతమంది?
2. మీ బిడ్డ కాగితాలన్నిటిలో పేరు ఒకే తీరుగా ఉందా? తీసి చదవండి.
3. మీ ఇంట్లో ఆడపిల్ల రోజూ ఎన్ని గంటలు పని చేస్తుంది? మగపిల్లవాడు ఎన్ని గంటలు చేస్తాడు?
4. మీ పనిలో నుంచి మూడు లెక్కలు తయారు చేసి, రాసి, బిడ్డతో చేయించండి.