చలి పొద్దున చుట్ట: వేడి ఎంత, ఖరీదు ఎంత?

డిసెంబరు, జనవరి నెలల్లో నందిగామ, జగ్గయ్యపేట వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచు 15 నుంచి 18 డిగ్రీల మధ్యకు దిగుతుంది. మధ్యాహ్నానికి అదే 30 దాకా ఎక్కుతుంది. కృష్ణా జిల్లా మెట్టగా పేరుపడి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఈ పత్తి, మిరప పొలాల్లో చలికాలమంటే ఆరుబయట కాపలాల కాలం కూడా. కళ్లం దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్న పెద్దాయన చుట్ట ముట్టించి, ఒళ్లు వెచ్చబడుతుందంటాడు. ఆ మాటలో నిజమెంతో, చుట్ట ఎంచుకోవడంలో చలి పాత్ర ఏమిటో అంకెలతో చూద్దాం.

ఆకు పదును లెక్క

పొగాకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదిలేస్తుంది. చుట్టకైనా సిగారుకైనా 65 నుంచి 70 శాతం గాలి తేమలో ఉన్న ఆకు సరిగ్గా కాలుతుంది.

ఇక్కడి చలిపొద్దుకు ఇది ఎలా వర్తిస్తుంది? 16 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 13.6 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. పొగమంచు పట్టిందంటే ఆ హద్దు నిండినట్టే, అంటే తేమ నూరు శాతం. ఎండెక్కి గాలి 22 డిగ్రీలకు వచ్చేసరికి దాని సామర్థ్యం 19.4 గ్రాములవుతుంది. నీరు అంతే ఉన్నా తేమ 70 శాతానికి వస్తుంది. 30 డిగ్రీల దగ్గర సామర్థ్యం 30.4 గ్రాములు కాబట్టి తేమ 45 శాతానికి పడిపోతుంది.

అందుకే మంచులో ఉంచిన చుట్ట మెత్తబడి, దమ్ము సరిగా అందక మాటిమాటికీ ఆరిపోతుంది. మిట్టమధ్యాహ్నం అదే చుట్ట పెళుసెక్కి పై ఆకు చిట్లుతుంది, మంట వేగంగా లోపలికి దిగి పొగ ఘాటెక్కుతుంది. పొగాకు రైతులు ఆరిన ఆకును తెల్లవారుజామున, మంచుకు మెత్తబడినప్పుడే దించి సర్దుకోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. కాల్చేవారికి గాలి 22 డిగ్రీల దగ్గరుండే పొద్దెక్కే వేళ, మళ్లీ చీకటిపడే వేళ అనుకూలం. మిగతా సమయంలో చుట్టలు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉండాలి.

షికాగోలాంటి చోట్ల ఉన్న మనవాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం. సున్నాకు 5 డిగ్రీలు దిగువన ఘనపు మీటరు గాలిలో మహా అయితే సుమారు 3.3 గ్రాముల ఆవిరే ఉంటుంది. ఆ గాలి ఇంట్లోకి వచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే తేమ 17 శాతం దరిదాపుల్లో ఆగుతుంది. బయటపెట్టిన సిగారు త్వరలోనే ఎండి పగులుతుంది. బ్యూటేన్ లైటర్ కూడా సున్నా దిగువన మొరాయిస్తుంది, ఎందుకంటే ఆ ద్రవం ఆవిరయ్యేదే సున్నాకు అర డిగ్రీ దిగువన.

ఎంత ఆకు, ఎంతసేపు

సిగరెట్టులో పొగాకు 1 గ్రాము లోపే. పెద్ద సిగారులో 5 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది, అంటే ఒక్కటి పూర్తి పెట్టెడు సిగరెట్లకు సమానం కావచ్చు. 5 అంగుళాల పొడవు, అంగుళంలో ముప్పాతికకు కొంచెం పైగా మందం ఉన్న సిగారు కాలడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. చలిలో అంతసేపు కదలకుండా కూర్చోవడమే ఒంటికి భారం. ఎంచుకోవాల్సి వస్తే చిన్నదే మేలు.

వెచ్చదనం ఎక్కడ?

దమ్ము లాగినప్పుడు నిప్పు కొస 900 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడిలో ఒంటికి చేరేది దాదాపు ఏమీ లేదు. పైగా నికోటిన్ చర్మం కింది రక్తనాళాలను బిగిస్తుంది. వేళ్లకు రక్తం తగ్గి, వేళ్లు మరింత చల్లబడతాయి. చలి కూడా అదే పని చేస్తుంది, రక్తపోటును పెంచుతుంది. రెండూ కలిస్తే గుండె మీద మరింత బరువు పడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దలకు చలి పొద్దున కాల్చే మొదటి చుట్ట అందుకే ప్రమాదకరం. వెచ్చగా అనిపించేది నికోటిన్ ఇచ్చే హుషారు, పక్కన కూర్చున్నవారి కబుర్లు.

నోటి లెక్క

పొగ మింగడం లేదు కదా అనేది చుట్ట కాల్చేవారి ధైర్యం. సిగరెట్టు పొగ ఆమ్లగుణంతో ఉంటుంది, నికోటిన్ ఒంట్లోకి చేరాలంటే ఊపిరితిత్తుల దాకా వెళ్లాలి. చుట్ట, సిగారు పొగ క్షారగుణంతో ఉండటం వల్ల నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998 నివేదిక ప్రకారం రోజుకు ఒకటి, రెండు సిగార్లు కాల్చేవారికి నోటి క్యాన్సర్ ముప్పు రెట్టింపు. మూడు, నాలుగు కాల్చేవారికి 8 రెట్లకు పైగా.

మన రాష్ట్రంలోనే ఇంతకన్నా బాధాకరమైన ఆధారం ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవారిలో. గాలికి చుట్ట ఆరిపోకుండా ఉండటం దానికి చెప్పే కారణాల్లో ఒకటి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రచురించిన అధ్యయనం, ఆ అలవాటుతో అంగిలి మీద వచ్చే మార్పులను ప్రపంచం ముందుంచింది. చలిగాలి ఎంత వీచినా నిప్పు బయటే ఉండాలి.

చట్టం, నిప్పు

2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో ధూమపానం నిషేధం. బస్టాండు, రైల్వే స్టేషన్ ఆ జాబితాలోనివే, జరిమానా 200 రూపాయల దాకా. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదు, విద్యాసంస్థలకు 100 గజాల లోపల ఏ వయసువారికీ అమ్మకూడదు. చట్టం చెప్పకపోయినా పాటించాల్సింది ఇంకొకటి: పత్తి కుప్ప, మిరప కళ్లం, వరిగడ్డి వాముల దగ్గర చుట్ట వెలిగించకూడదు. ఏడాది కష్టం బూడిద కావడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

చివరి మాట

లెక్కలన్నీ కలిపితే తేలేది ఇది: చలికి చుట్ట మందు కాదు. మొదలుపెట్టనివారు మొదలుపెట్టకపోవడమే అన్నిటికన్నా మంచి ఎంపిక. కాల్చేవారు చిన్నది, సరైన పదునులో ఉన్నది, పిల్లలకు, పంటకు దూరంగా, ఎప్పుడో ఒకసారి కాల్చుకోవడం రెండో ఎంపిక. అయినా ముప్పు సున్నా కాదు. మానాలనుకునేవారికి జాతీయ ఉచిత సహాయ నంబరు 1800-11-2356 ఉంది. నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ కనిపిస్తే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకండి. ఇంట్లో చుట్ట కాల్చే పెద్దలుంటే, ఈ చలికాలం వెచ్చని శాలువా ఇవ్వడంతో పాటు నోటి పరీక్ష కూడా చేయించండి.