స్పీడ్ ఫుల్లు.. మరి ఈ లాగ్ ఎందుకు?

ప్లాన్ చూస్తే 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే ముల్లు వంద దాకా వెళ్తుంది. తీరా ఇంటర్వ్యూకని కంప్యూటర్ ముందు కూర్చుంటే మీ మాట ముక్కలైపోతుంది. అవతల నుంచి ‘హలో.. వినపడుతోందా?’ అంటూంటారు. ఉద్యోగం సంగతి అక్కడే తేడా కొట్టేలా ఉంటుంది! ‘ఇలా కాదు’ అని 200 ఎంబీపీఎస్‌కి మారతాం. బిల్లు పెరుగుతుంది, లాగ్ మాత్రం అలాగే ఉంటుంది.

ఎందుకంటే స్పీడ్ వేరు, లేటెన్సీ వేరు. ఒక సెకనులో ఎంత డేటా పోగలదో చెప్పేది ఎంబీపీఎస్. మీ డేటా సర్వర్ దాకా వెళ్లి జవాబు తిరిగొచ్చేందుకు పట్టే టైమే లేటెన్సీ. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు.

ఇందులో కొంత దూరం వల్ల వచ్చేది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ 3,300 కిలోమీటర్లు అనుకుంటే, గీత గీసినట్టు కేబుల్ వేసినా పోయి రావడానికి 33 మిల్లీసెకన్లు తప్పవు. ఏ ప్లానూ దీన్ని తగ్గించలేదు. అందుకే గేముల్లో సర్వర్‌ని ఎంచుకునే వీలుంటే దగ్గర్లోదే పెట్టుకోండి.

మిగతాది చాలాసార్లు మన ఇంట్లోనే ఉంటుంది. బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ కోసం నిల్చున్నారు. మీ పని అర నిమిషమే. కానీ, మీ ముందున్నాయన చిల్లర సంచితో వచ్చాడు! రౌటర్‌లో జరిగేదీ ఇదే. ఎవరి ఫోనో ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తుంటే, మీ మాట మోసుకెళ్లే చిన్న ప్యాకెట్లు ఆ క్యూలో ఇరుక్కుంటాయి. దీన్నే ‘బఫర్‌బ్లోట్’ అంటారు.

మీ ఇంట్లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్‌లో ‘పింగ్’ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 8.8.8.8 అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. నాలుగు సార్లు టైమ్ చూపిస్తుంది. ఇప్పుడు ఫోన్‌లోంచి ఓ పెద్ద వీడియో అప్‌లోడ్‌కి పెట్టి, మళ్లీ చూడండి. 15 ఉన్నది 200 దాటిందా? దొంగ దొరికినట్టే!

ఇక ఏం చేయాలంటే..

* కంప్యూటర్‌కి ల్యాన్ కేబుల్ తగిలించండి. కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. రౌటర్‌ని బీరువా చాటున దాచొద్దు.

* ఇంటర్వ్యూ ఉన్న గంటసేపు ఇంట్లో అందరి ఫోన్లలో బ్యాకప్, కంప్యూటర్‌లో అప్‌డేట్లు ఆపండి.

* రౌటర్ సెట్టింగ్స్‌లో ‘ఎస్‌క్యూఎం’ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ లిమిట్‌లను మీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టండి. స్పీడ్ కాస్త తగ్గుతుంది, క్యూ మాత్రం పెరగదు.

* కేబుల్ పెట్టి, అన్నీ ఆపేసినా పింగ్ ఎగిరెగిరి పడుతోందా? అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ నంబర్లు చెప్పండి. ‘నెట్ స్లో’ అనేకన్నా ఆ మాటకి బలం ఎక్కువ.

పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టే ముందు ఓసారి పింగ్ కొట్టి చూడండి. వంద రూపాయల కేబుల్‌తోనే పనైపోవచ్చు!