వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఆశ లేనట్టేనా?

గుడియాత్తం, వేలూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో పెద్దవారికి ఆయాసం ముదిరినప్పుడు రెండు మాటలు తరచు వింటాం. "పొద్దున చూద్దాంలే" అనేది మొదటిది. "వెంటిలేటర్ పెట్టారట, ఇక ఆశ లేదు" అనేది రెండోది. చాలాసార్లు మొదటి మాటే రెండో మాట దాకా తీసుకెళ్తోంది.

వెంటిలేటర్ రోగం కుదిర్చే యంత్రం కాదు. ఊపిరితిత్తులు, శ్వాస కండరాలు అలసిపోతే వాటి పని తాను చేస్తూ, మందులు పనిచేయడానికి గడువు ఇస్తుంది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు యంత్రాలు చాలక, వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు. ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు అదే నాంది. కట్లపాము కరిచి కండరాలు చచ్చుబడినవారు కూడా కొన్నాళ్లు ఈ యంత్రం మీద ఉండి, కోలుకుని నడిచి ఇంటికి వెళ్తుంటారు. వయసు మీరి, ఇతర జబ్బులూ ఉన్నవారి సంగతి వేరు. అక్కడ డాక్టరును నిజం అడిగి తెలుసుకోవాలి.

అందరికీ గొట్టం వేయరు. ముందు ఆక్సిజన్ ఇస్తారు. చాలకపోతే కొందరికి బిగుతైన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపుతారు. అదీ చాలనప్పుడే గొంతులోకి గొట్టం. ఏళ్ల తరబడి బీడీ, సిగరెట్టు తాగి సీఓపీడీ తెచ్చుకున్నవారికి ఆక్సిజన్ శాతం సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉండేలా చూస్తారు. మరీ ఎక్కువిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. ఇంట్లో సిలిండర్ ఉంది కదా అని మీరే పెంచేయకండి.

ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలబడటం, మగత, మామూలుగా బాగుండేవారికి ఆక్సీమీటరు 90 కంటే తక్కువ చూపడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. గుడియాత్తం నుంచి వేలూరు సీఎంసీకో, అడుక్కంపారైలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో చేరడానికి ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆక్సిజన్ లేని కారులో అంత దూరం తీసుకెళ్లే కన్నా, ముందు గుడియాత్తం ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరి నిలబెట్టించి, అంబులెన్సులో పంపమనడం మేలు.

గొట్టం స్వరతంత్రుల మధ్యగా పోతుంది కాబట్టి రోగికి మాట రాదు, వినికిడి మాత్రం ఉండొచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడే అవ్వకు, తాతకు మెలకువ రాగానే తమిళం చప్పున తలకెక్కకపోవచ్చు. నొప్పి, దాహం, ఆయాసం అనే మూడు మాటలు నర్సుకు తమిళ లిపిలో రాసివ్వండి. చూడటానికి లోపలికి పంపినప్పుడు, "అవునంటే చెయ్యి నొక్కవ్వా" అని మన మాటల్లోనే అడగండి.