ఒంట్లో కొవ్వు - కడుపులో పేగు

"లావైనావు కదమ్మే! ఇంగ నీకేం తక్కువ?"

కర్నూలు, కడప పల్లెల్లో ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది. ఒళ్ళు చేస్తే ఇల్లు బాగున్నట్టే లెక్క. అట్లా అనుకోవడంలో తప్పేం లేదు. ఇది కరువు సీమ. 1876లో మొదలైన ధాత కరువులో ఇక్కడ ఎందరో ఆకలితో చనిపోయారు. అందుకే అప్పటి పెద్దలు పండిన ఏడు జొన్నల్ని పాతరలో పోసి, ఎండిన ఏడు తీసుకుని తినేవాళ్ళు.

మన ఒంట్లో కొవ్వు కూడా అట్లాంటి పాతరే. తిన్నదాంట్లో మిగిలింది కొవ్వుగా మారుతుంది. తిండి లేనినాడు అదే ఆదుకుంటుంది. కొవ్వు పని ఇంతేనని శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అనుకున్నారు.

1994లో ఒక కొత్త సంగతి తెలిసింది. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త చిట్టెలుకలను పరిశీలించాడు. వాటిలో ఒక రకం ఎలుకలు ఎంత తిన్నా ఆపేవి కావు. బంతిలాగా లావయ్యేవి. ఎందుకని? మామూలు ఎలుక కొవ్వులో తయారయ్యే ఒక పదార్థం వాటిలో లేదు. దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. అది రక్తంలో కలిసి మెదడుకు పోయి, "ఇంగ చాలు, తినొద్దు" అని కబురు చెబుతుంది. ఇట్లా రక్తంలో తిరిగి కబుర్లు మోసే పదార్థాలనే హార్మోన్లు అంటారు. అంటే కొవ్వు ఊరికే పడి ఉండే మూట కాదు. అది పొద్దస్తమానం కబుర్లు పంపుతూనే ఉంటుంది.

మరి లావు మనిషికి లెప్టిన్ లేదా? ఉంది. ఎక్కువే ఉంది. కానీ రోజూ అరిచేవాడి మాట ఎవరూ పట్టించుకోనట్టు, మెదడు దాన్ని పట్టించుకోదు.

కొవ్వు పంపే ఇంకో హార్మోన్ అడిపోనెక్టిన్. ఇది మంచి చేసేది. చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్‌కు ఇది తోడు. చిత్రమేమంటే, కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. అప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది.

పేగుకు, దీనికి ఏం సంబంధం? పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి కొత్తదవుతుంది. పాత కణాలు రాలిపోతాయి, కొత్తవి పుడతాయి. ఇన్సులిన్ ఎక్కువైతే "పెరుగు, పెరుగు" అనే కబురు ఆ కణాలకు ఆగకుండా అందుతుంది. లెప్టిన్ కూడా అదే పని చేస్తుందని ప్రయోగశాలల్లో కనబడింది. మనుషుల్లో దాని పాత్ర ఎంతో ఇంకా పూర్తిగా తేలలేదు. కణాలు అదుపు తప్పి పెరిగితే పేగులో చిన్న బుడిపె లేస్తుంది. అన్ని బుడిపెలూ చెడ్డవి కావు. కొన్ని మాత్రం పదేళ్ళకో, ఇంకా తర్వాతో క్యాన్సర్‌గా మారతాయి.

క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఒకటి ఫ్రాన్సు దేశంలోని లియాన్‌లో ఉంది. అధిక కొవ్వుకు, 13 రకాల క్యాన్సర్లకు సంబంధముందని 2016లో అది తేల్చింది. వాటిలో పెద్దపేగు క్యాన్సర్ ఒకటి. లావు లేనివాళ్ళలో 10 మందికి వచ్చేచోట, బాగా లావున్నవాళ్ళలో సుమారు 13 మందికి వస్తుంది. అంటే లావున్న ప్రతివాళ్ళకూ వస్తుందని కాదు. సన్నగా ఉన్నవాళ్ళకు రాదనీ కాదు. బీడీ, సారా, వయసు, ఇంట్లో ఎవరికైనా ఉండడం, ఇవన్నీ కారణాలే.

మనవాళ్ళకు కొవ్వు ఎక్కువగా పొట్టలోనే చేరుతుంది. పేగుల చుట్టూ చేరే ఆ కొవ్వే ఎక్కువ కీడు. కాళ్ళు చేతులు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషి "నేనేం లావు?" అంటాడు. టేపు పెట్టి చూస్తే తెలుస్తుంది. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. జొన్నరొట్టె, కొర్రన్నం, పప్పు, ఆకుకూర తిని చేన్లో పనిచేసిన కాలంలో ఈ కొలత ఎవరికీ అవసరం లేకపోయింది. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, బజ్జీలు. పక్కూరికి పోవాలన్నా ఆటో.

ఇంకో మాట. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే చాలామంది చెప్పుకోరు. ఆడవాళ్ళయితే మొగుడికి కూడా చెప్పరు. "మొలలే కదా" అని పసరు తాగుతూ ఏడాది గడిపేస్తారు. మొలలే కావచ్చు. కానీ చూడకుండా ఎట్లా తెలుస్తుంది? దొడ్డి పోయే తీరు వారాల తరబడి మారినా, ఊరికే బరువు తగ్గినా, పెద్ద వయసులో కారణం లేకుండా రక్తం తగ్గినా చూపించుకోవాలి. రక్తం తగ్గిందని ఇనుము మాత్రలు మింగితే చాలదు. అది ఎక్కడ పోతోందో చూడాలి.

కర్నూలు పెద్దాసుపత్రిలో పేగుల జబ్బులకు వేరే విభాగమే ఉంది. కడప వైపు వాళ్ళు ముందుగా రిమ్స్‌లో చూపించుకోవచ్చు. వేలంత లావు మెత్తని గొట్టాన్ని వెనక నుంచి పంపి పేగు లోపల చూస్తారు. ముందురోజు మందు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. కొంచెం ఇబ్బందే, సిగ్గూ అవుతుంది. బుడిపె కనబడితే చాలాసార్లు ఆ గొట్టంతోనే అప్పటికప్పుడే తీసేస్తారు. పొట్ట కోయరు.