కనుమ రోజు ఆవుకి పొంగలి ఎంత పెట్టాలి?

కనుమ అంటే మా ఇంట్లో పశువుల పండగ. పొద్దున్నే ఆవుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, బొట్టు పెట్టి పొంగలి తినిపిస్తాం. పోయినేడాది ఇంట్లోవాళ్లం, చుట్టాలు తలా ఇన్ని ముద్దలు పెట్టేశాం. సాయంత్రానికి మా గౌరి నెమరు ఆపేసింది, పొట్ట ఉబ్బింది. డాక్టర్ గారు వచ్చి మందేశాకే కోలుకుంది.

ఎందుకిలా? ఆవు పొట్ట గడ్డికి అలవాటు పడింది. అన్నం, బెల్లం ఒక్కసారిగా ఎక్కువైతే లోపల పులిసి యాసిడ్ పెరిగిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు.

అందుకే ఇప్పుడు నాన్న రూల్: ముందు కడుపునిండా గడ్డి, తర్వాత అందరి తరఫునా ఒక్కటే ముద్ద. ఉల్లిపాయ వేసిన గారెలు కుక్కకీ వద్దు, దాని రక్తానికి హాని.

ఆవు నెమరు వేయకపోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 1962కి కాల్ చేయండి. హ్యాపీ కనుమ!